రెండు ఉదయాల ఊరు

ఆ ఊళ్ళో దిగాలని మేమేమీ అనుకోలేదు. బస్సు అక్కడిదాకానే వెళ్తుందని, ముందుకు పోవాలంటే మర్నాడు పొద్దున్న బయలుదేరే ఇంకో బస్సు ఎక్కాలని టిక్కెట్టు కొట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు. "దిగండి, దిగండి, ఇదే ఆఖరు," అంటూ కండక్టరు మా సామాన్లు కిందికి అందించాడు. అందించి, మేం కూర్చున్న సీట్లోనే కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండలో నిలబడి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. అతను వినలేదు. అప్పటికే గుర్రు పెడుతున్నాడు.

మావారు మాత్రం ఏమీ అనలేదు. ఆ మధ్య ఆయన ఎవరినీ ఏమీ అనడం మానేశారు. నిద్ర లేని మనిషికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉండదు. అందుకని ఆయన వంతు కూడా నేనే కోప్పడుతూ వస్తున్నాను.

మావారు బస్సు డ్రైవరు. పెళ్ళయిన కొత్తలోనే రాత్రి సర్వీసు పడింది. ఊరంతా పక్కలు దులుపుకునే వేళకి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయలుదేరేవారు. పొద్దున్నే వచ్చి, స్నానం చేసి, నా కుట్టుమిషను చప్పుడు వింటూ పడుకునేవారు. మిషను ఆగితే మెలకువ వచ్చేదట. అలా ఎన్నేళ్ళో గడిచిపోయాయి. నిరుడు డిపోలో పెద్దాయన దయతలచి పగటి డ్యూటీ వేశారు. ఇక మనుషుల్లా రాత్రిపూట పడుకోవచ్చని నేను వీధంతా స్వీట్లు పంచాను. ఆ రాత్రి నుంచే ఆయనకి కంటి మీద కునుకు లేదు.

ఒక మధ్యాహ్నం స్టీరింగు ముందు రెప్ప వాలింది. ఏమీ కాలేదు. బస్సు రోడ్డు దిగి గడ్డిలో ఆగింది, అంతే. వెనక సీట్లో ఎవరో పిల్ల కెవ్వుమంది. ఆయన కిందికి దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, తాళాలు కండక్టరు చేతిలో పెట్టి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. సరిగ్గా నిద్రపోతున్నారని డాక్టరు చెబితే గానీ మళ్ళీ బండి ఇవ్వం అని డిపో వాళ్ళన్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ బండి లేకపోతే మావారు ఎలా ఉంటారో నేను చూశాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడికాలుతో గాలిలో బ్రేకు వెతుకుతుంటారు. రాత్రంతా ఆ పాదం కదులుతూనే ఉంటుంది.

మా ఊరి డాక్టరు ఒకే ఒక్క మాట చెప్పాడు. పగలు కన్ను మూయనివ్వకండి, అప్పుడే రాత్రి నిద్ర దారిలో పడుతుంది అన్నాడు. అది విన్నాక నన్ను ఆపడం ఎవరి తరం? మధ్యాహ్నం ఆయన తల వాలితే చాలు, కత్తెరతో బల్ల మీద టకటకా కొట్టేదాన్ని. దారాలు అయిపోయాయని బజారుకి తరిమేదాన్ని. దారాలు పెట్టెనిండా ఉండేవి. రాత్రయితే పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ, "ఏమండీ, పట్టిందా?" అని అడిగేదాన్ని. "లేదు," అనేవారు. మా అమ్మాయి ఎవరెవరినో బతిమాలి మహానగరంలో నిద్రరోగాల పెద్ద డాక్టరు దగ్గర ఒక పూట అపాయింట్‌మెంటు సంపాదించింది. ఆ పూట తప్పితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. అక్కడికే బయలుదేరాం. దారిలో ఈ ఊరు.

ఊరంటే ఒక వెడల్పాటి వీధి, దానికి అటూ ఇటూ రేకుల చూరులు, ఎర్రమట్టి. వీధి చివర ఏదో నది ఉన్నట్టు గాలిలో తడి వాసన. ఎండ ఎంత ఉందంటే నీడలు కూడా గోడల కిందికి దూరిపోయాయి. బస్టాండు ఎదురుగానే ఒక లాడ్జి. మెట్ల మీద ఒకావిడ విసనకర్రతో కూర్చుని ఉంది. నాకంటే పెద్దది, నిండైన మనిషి. మమ్మల్ని చూసి లేవకుండానే, "మేడ మీద కిటికీ గది తీసుకోండమ్మా, గాలొస్తుంది," అంది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆవిడని అక్కయ్యా అని పిలవడం నాకు అప్పుడే అలవాటైపోయింది.

గదిలో రెండు చెక్క మంచాలు కలిపి వేసి ఉన్నాయి. నీలం సున్నం వేసిన గోడలు. కిటికీకి అడ్డపలకల తలుపులు, వాటి సందుల్లోంచి నేల మీద ఎండ చారలు. పైన ఫ్యాను తిరగాలా వద్దా అని ఆలోచిస్తూ తిరుగుతోంది. ఒక రేకు కూజా, రెండు గ్లాసులు. మావారు మంచం అంచున కూర్చుని ఆ చారల వైపు చూస్తూ ఉండిపోయారు. ఈ గదిలో కాసేపుంటే నాకే కళ్ళు వాలిపోయేలా ఉన్నాయి, ఇక ఆయన మాటేంటి అనిపించి భయమేసింది.

"పదండి, అలా తిరిగొద్దాం. నా ఫోను చచ్చిపోయింది, ఛార్జరు కొనాలి," అన్నాను. ఛార్జరు ఇంట్లో మర్చిపోయింది ఆయనే అని కూడా గుర్తు చేశాను. నిజానికి మర్చిపోయింది నేనే.

వీధిలోకి వెళ్తే ఏముంది? ఊరు ఊరంతా పడుకుని ఉంది. అలాగని ఒక్క దుకాణమూ మూయలేదు. మందుల షాపాయన కౌంటరు మీద చేతులు మడిచి, వాటి మీద తల పెట్టుకున్నాడు. బట్టల కొట్టులో తానుల మధ్య ఒక తానులాగే యజమాని. సెలూన్‌లో గడ్డం గీసే కుర్చీ వెనక్కి వాల్చి అందులో క్షవరం చేసే ఆయన, పక్క బెంచీ మీద మొహానికి సగం నురగతో ఎవరో గిరాకీ. ఇద్దరూ నిద్రలోనే ఉన్నారు. ఫోన్ల కొట్టు ముందు నిలబడి చప్పట్లు కొట్టాను. లోపలి మనిషి ఒక కన్ను తెరిచాడు.

"సాయంత్రం రండమ్మా."

"ఒక్క ఛార్జరు ఇవ్వడానికి ఎంతసేపయ్యా?"

"ఇప్పుడు ఏది ఇచ్చినా తప్పు ఇచ్చేస్తాను," అని చెప్పి, ఆ ఒక్క కన్నూ మూసేసుకున్నాడు.

మావారు నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు. నేను మాత్రం లాడ్జికి తిరిగొచ్చి అక్కయ్య మీద ఎగిరాను. "ఇదేం ఊరు అక్కయ్యా? దుకాణాలు బార్లా తెరిచి పడుకుంటారా? మీ ఊళ్ళో దొంగలు లేరా?"

"ఎందుకు లేరమ్మా, ఉన్నారు. ఈ టైముకి వాళ్ళూ పడుకునుంటారు," అందావిడ, ఆవలిస్తూ. ఆవిడ ఆవలిస్తే నాకూ వచ్చింది. నన్ను చూసి మావారికి వచ్చింది. ఇక లాభం లేదని ఆయన్ని పైకి తీసుకెళ్ళి, మంచం మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగా నేను సూదీ దారం పట్టుకుని కూర్చున్నాను. ఆయన చొక్కాకి ఒక గుండీ వదులుగా ఉంది. అది బిగిస్తూ ఏవేవో మాట్లాడుతూ ఉంటే సరి, సాయంత్రం అయిపోతుంది అనుకున్నాను.

"కళ్ళు మూయకండి."

"మూయట్లేదు."

"మూస్తున్నారు."

"రెప్ప కొట్టుకోవడం కూడా తప్పేనా?" అన్నారు మెల్లిగా.

ఏదో జవాబు చెప్పబోయాను. ఏం చెప్పబోయానో ఇప్పటికీ గుర్తు రాదు. నేల మీది చారలు ఒకదాని మీదికి ఒకటి పాకుతున్నాయి. ఫ్యాను చప్పుడు మా ఇంట్లో నా మిషను చప్పుడులా వినిపించింది, నేను కుట్టకుండానే అది కుడుతున్నట్టు. ఏ బట్ట కుడుతోందో చూడాలనుకున్నాను. పొడుగ్గా, నీలంగా, ఎంత కుట్టినా అంచు రాని బట్ట.

కళ్ళు తెరిచేసరికి గది అంతా పలచని బూడిద వెలుతురు. నేను మంచానికి అడ్డంగా పడి ఉన్నాను. సూది చొక్కాకే గుచ్చి ఉంది. పక్కన మావారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ముందు చూసింది ఆయన కుడి పాదం. మంచం అంచు దాటి వేలాడుతోంది. కదలడం లేదు.

బయట పక్షులు ఒకటే గోల. ఎవరో వాకిలి ఊడుస్తున్నారు, చీపురు చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళు చల్లిన మట్టి వాసన. ఎక్కడో పాల క్యాన్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. రొట్టెలు కాలుతున్న వాసన కూడా వచ్చింది. తెల్లారిపోయింది!

మధ్యాహ్నం కునుకు పట్టిన మనిషి తెల్లారేదాకా పడుకున్నారు. ఒక పగలు సగం, ఒక రాత్రి మొత్తం. చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్ల మీద చప్పుడు చేయకుండా కిందికి దిగాను. అక్కయ్య బల్ల వెనక గోడ గడియారంలో ఆరు దాటింది. నేను పొద్దున్నే లేచే వేళ అదే.

అక్కయ్య వాకిట్లో చీపురు పట్టుకుని ఉంది. వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను.

"అక్కయ్యా, ఆయన పడుకున్నారు! నిన్న మధ్యాహ్నం పడుకున్న మనిషి ఇంకా కదల్లేదు. రాత్రంతా పడుకున్నారు, తెలుసా? పాదం కూడా కదలట్లేదు. నేనూ ఒళ్ళు తెలీకుండా పడిపోయాను, లేకపోతే లేపేసేదాన్నే!"

ఆవిడ గడియారం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. రేగిన నా జుట్టు, చెంప మీద పడిన చొక్కా మడత అచ్చు, అన్నీ నింపాదిగా చూసింది.

"ఆయన పడుకుని ఎన్నాళ్ళయిందమ్మా?"

"నెలలు అక్కయ్యా, నెలలు."

"మరి నువ్వు?"

"నాదేముంది లెండి," అన్నాను. ఆ మాట అంత తొందరగా ఎందుకు అన్నానో నాకే తెలీదు. "బస్సు వెళ్ళిపోలేదు కదా?"

"లేదమ్మా, దానికి చాలా టైముంది. ముందు మొహం కడుక్కుని, ఎదురుగా టీ తాగిరా."

ఎదురు టీకొట్టులో ఒక ముసలాయన పొయ్యి రాజేస్తున్నాడు. బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటే బూడిద మీసాల మీద పడుతోంది. నేను వెళ్ళి బెంచీ మీద కూర్చుని ఆయనకీ చెప్పాను. రొట్టెలు దించుతున్న పక్క కొట్టావిడకీ చెప్పాను. అడక్కపోయినా అందరికీ చెప్పాను. మావారు డ్రైవరు అని, ఎన్నేళ్ళు రాత్రి బండి నడిపినా ఒక్క గీత పడలేదని, ఇవాళ తెల్లారేదాకా నిద్రపోయారని. ముసలాయన వింటూ తల ఊపుతున్నాడు.

"మొదటి టీ నాదేనా బాబాయ్?"

"ఇప్పుడు రాజేసిన పొయ్యి మీద మొదటిది నీదేనమ్మా."

"ఇవాళ ఎండ ఎక్కువే ఉంటుందంటారా?"

"ఇప్పుడైతే చల్లబడిందిలే," అన్నాడు, రొట్టెలావిడ వైపు చూడకుండా. ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. పొగకి దగ్గొచ్చిందేమో అనుకున్నాను.

వీధి అంతా లేస్తోంది. జనం కళ్ళు నులుముకుంటూ అరుగుల మీదికి వస్తున్నారు, మొహాల మీద నీళ్ళు కొట్టుకుంటున్నారు, పిల్లల జుట్టు తడిచేత్తో దువ్వుతున్నారు. సెలూన్ గిరాకీకి మిగతా సగం గడ్డం గీస్తున్నారు. రాత్రంతా నురగతోనే ఉన్నాడా అనిపించింది గానీ, ఆ ఊరి మనుషులకి అదేమీ పెద్ద విషయం కాదేమో అని ఊరుకున్నాను. ఆ పూట నాకు ఏ సందేహమూ నిలవలేదు. అందరూ నా వైపు చూసి నవ్వుతున్నారు. ఇంత మంచి ఊరిని నిన్న తిట్టానే అని మనసులోనే లెంపలేసుకున్నాను.

మావారు లాడ్జి మెట్లు దిగి వచ్చారు. భుజం మీద తువ్వాలు, జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. మెట్ల కింద ఆగి, తల పైకెత్తి కాసేపు గాలి పీల్చారు. అక్కయ్యతో ఏదో అన్నారు. ఆవిడ నా వైపు చూపించింది. వీధి దాటి నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"తెల్లారిందండీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "తెల్లారిందా," అన్నారు చిన్నగా.

"ఎలా ఉంది? తలనొప్పిగా ఉందా? కళ్ళు మండుతున్నాయా?"

"లేదు. తేలిగ్గా ఉంది."

నేను ఏడ్చేశాను. టీకొట్టు ముందు, నలుగురిలో, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన నా చేతిలో గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగేశారు. ఎంగిలి అని కూడా చూడలేదు. ముసలాయన ఇంకో గ్లాసు పోసిచ్చి, "రేవు దాకా వెళ్ళిరండమ్మా. ఈ టైములో బాగుంటుంది అక్కడ," అన్నాడు.

వెళ్ళాం. సూర్యోదయం చూద్దామని నేనే ముందు నడిచాను. వీధి చివర నేల మెల్లిగా నదిలోకి దిగిపోతుంది. రాతిమెట్లు, ఒక చెక్క వంతెన ముక్క, దానికి కట్టిన పడవ. నీళ్ళు కదులుతున్నట్టే లేవు. అవతలి ఒడ్డున చెట్ల వెనక ఆకాశం నారింజ రంగులో ఉంది. కొత్త ఊళ్ళో దిక్కులెవరికి తెలుస్తాయి? అదే తూర్పు అనుకుని, దానికెదురుగా మెట్ల మీద కూర్చున్నాం.

"ఇంకాసేపట్లో పైకొస్తాడు," అన్నాను.

భుజం భుజం ఆనించి కూర్చున్నాం. అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో. పెద్ద డాక్టరుకి ఏమేం చెప్పాలో నేను వరసగా చెబుతూ పోయాను. నిద్ర వచ్చేసిందని చెబుదాం, డిపోకి ఒక మాట రాయించుకుందాం, వచ్చే నెలకల్లా బండెక్కవచ్చు. నారింజ రంగు ఎర్రబడింది. ఎరుపు వంకాయ రంగులోకి తిరిగింది. చెట్లు నల్లబడ్డాయి. పొద్దుపొడుపులో రంగులు ఇలా వెనక్కి నడుస్తాయా అని ఒక్క క్షణం అనిపించింది. మబ్బేమోలే అని ఊరుకున్నాను.

పడవాయన ముందు భాగంలో లాంతరు వెలిగించి తగిలించాడు. ఒడ్డు మీద ఉన్నవాళ్ళని కేకేశాడు. "రండి రండి, ఇదే ఆఖరి ట్రిప్పు!"

"పొద్దున్నే ఆఖరి ట్రిప్పేంటి?" అన్నాను.

అని, నా మాట నేనే విన్నాను. తల మీద నుంచి గబ్బిలాలు వరసగా నది దాటుతున్నాయి. మా వెనక ఊళ్ళో దీపాలు ఒకటొకటిగా వెలుగుతున్నాయి. ఆరిపోవడం లేదు. గడియారానికి పాపం ఏం తెలుసు? ఆ ఊళ్ళో సూర్యుడు వచ్చేదీ ఆరింటికే, పోయేదీ ఆరింటికే.

రాత్రి అనేది అసలు రానేలేదు. ఆయన పడుకుంది పట్టపగలు. ఏదైతే ఇన్ని నెలలు కత్తెర టకటకలాడించి ఆపానో అదే జరిగింది, కాపలా ఉన్న నేను ముందు పడిపోవడం వల్ల జరిగింది. ఇక ఈ రాత్రి ఆయనకి జాగారమే. రేపు ఎర్రటి కళ్ళతో ఆ డాక్టరు ముందు కూర్చోవాలి. ఆ డాక్టరు తల అడ్డంగా ఊపితే బండి ఇక లేదు. పక్కన ఆయన హాయిగా నీళ్ళ వైపు చూస్తున్నారు. చెప్పకపోతేనేం అనిపించింది. కానీ చీకటి పడుతుంటే ఎంతసేపు తెల్లారిందని నమ్మించగలను?

"ఏమండీ," అన్నాను. "ఇది పొద్దున కాదండీ."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"లేవగానే. ఇన్నేళ్ళు రాత్రి బండి నడిపినవాణ్ణి, తెల్లారగట్ల గాలి నాకు తెలీదా? దానికి వాసన ఉండదు. దీనికి రోజంతా కాలిన మట్టి వాసన ఉంది."

"మరి చెప్పలేదేం? ఊరందరి ముందు నన్ను వెర్రిదాన్ని చేసి..." నాకు మళ్ళీ కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"నువ్వు ముందు పడుకున్నావు," అన్నారాయన.

"అవును, పడుకున్నాను. తప్పే. ఏం చేయమంటారు?"

"అది కాదు. విను. నువ్వు మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకి ఒరిగిపోయావు. చేతిలో సూది ఉంది, గుచ్చుకుంటుందని తీసి చొక్కాకి గుచ్చాను. నీ మొహం చూస్తూ కూర్చున్నాను. నువ్వు నిద్రపోగా చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా? రాత్రి నేను ఎప్పుడు కళ్ళు తెరిచినా నీ కళ్ళు తెరిచే ఉంటాయి. ఇవాళ మూసుకుని ఉన్నాయి. హమ్మయ్య, ఇది పడుకుంది, ఇక నేను చేయాల్సిందేం లేదు అనిపించింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలీదు."

పడవ ఒడ్డు వదిలింది. లాంతరు వెలుగు నీళ్ళ మీద పొడుగ్గా సాగింది.

"పట్టిందా అని అడుగుతావే," అన్నారు. "కొన్నిసార్లు అప్పుడే పట్టేది."

ఎన్ని రాత్రులు! ఆయన నిద్ర గుమ్మం దాకా వచ్చి ఉంటుంది. నేను వెళ్ళి తలుపు తట్టి, లోపల ఉన్నావా అని అడిగి ఉంటాను. ఆయన ఒక్కసారి కూడా ఈ మాట అనలేదు. అనుంటే నేను ఇల్లు పీకి పందిరి వేసేదాన్నని ఆయనకి తెలుసు. బాధపడ్డాను. చాలా బాధపడ్డాను. ఆయన నా చేతిని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు, పొద్దున బండి దిగి వచ్చాక తాళాల గుత్తి పెట్టుకున్నట్టే.

తిరిగొస్తుంటే టీ ముసలాయన గ్లాసులు కడుగుతూ తల దించుకున్నాడు. లాడ్జి మెట్ల మీద అక్కయ్య విసనకర్రతో తన చోట్లో తాను ఉంది.

"మీరంతా కలిసి నాకు అబద్ధం చెప్పారు," అన్నాను.

"ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదమ్మా, గుర్తు చేసుకో."

గుర్తు చేసుకున్నాను. నిజమే, ఒక్కరూ చెప్పలేదు.

"కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకసారి ఇలా అవుతుంది ఇక్కడ," అందావిడ. "మొన్నామధ్య ఒకాయన రెండోసారి పళ్ళు తోముకుని ఆఫీసు చొక్కా వేసుకున్నాడు. మేమెవరమూ చెప్పం. కాసేపాగితే చీకటే చెబుతుంది కదా. ఆ కాసేపు వాళ్ళు అంత ఆనందంగా ఉంటారు, మనమెందుకు తీసెయ్యడం?"

ఆ రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మంచం మీద నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య పట్టుకుని ఉంచాను. ఆయన ఊపిరి వినకూడదని ఫ్యాను చప్పుడు విన్నాను. నా పెళ్ళయ్యాక నేను చేసిన కష్టమైన పనుల్లో అది ఒకటి. తర్వాత ఆ నీలం బట్ట మళ్ళీ వచ్చింది. ఈసారి దాని అంచు కోసం వెతకలేదు.

కిందినుంచి హారను వినిపించి లేచాను. కిటికీ పలకల సందుల్లోంచి సన్నని ఎండ. గాలి పీల్చి చూశాను. వాసన లేదు.

వీధిలో బస్సు ఇంజను గుర్రుమంటోంది. మెట్ల మీద బరువైన అడుగులు. తలుపు ఓరగా తీసేసరికి నిన్నటి కండక్టరే, ఇవాళ ముందుకెళ్ళే బస్సు డ్యూటీలో, మొహం కడుక్కుని, కొత్త మనిషిలా ఉన్నాడు. "రండమ్మా, మీకోసమే ఆపాను. రోజుకిదొక్కటే బస్సు!"

వేలు పెదవుల మీద పెట్టి అతన్ని ఆపాను. వెనక్కి తిరిగి చూశాను. మావారు పక్కకి ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. దుప్పట్లోంచి బయటికొచ్చిన కుడి పాదం మంచం అంచున వేలాడుతోంది. కదలడం లేదు. రాత్రంతా పడుకున్నారో, తెల్లారబోతుంటే పట్టిందో నాకు తెలీదు. ఇక ముందు తెలుసుకోను కూడా. ఒక్క నిద్రతో రోగం పోయిందని నేను అనను. అవతల పెద్ద డాక్టరు పూట తప్పిపోతుంది, అమ్మాయి నన్ను నమిలి మింగేస్తుంది, డిపో వాళ్ళకి ఏం చెప్పాలో మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. అవన్నీ ఆ గుమ్మంలో నిలబడే ఆలోచించాను.

"మేం రావట్లేదు," అన్నాను గుసగుసగా. "వెళ్ళండి. మెల్లిగా దిగండి."

అతను వింతగా చూసి, నిజంగానే మునివేళ్ళ మీద దిగి వెళ్ళాడు. హారను మళ్ళీ కొట్టలేదు. బస్సు చప్పుడు మెల్లిగా దూరమైపోయింది. మెట్ల మలుపులో చీపురు పట్టుకుని అక్కయ్య నిలబడి ఉంది.

"ఆయన లేచి టైమెంతయిందని అడిగితే ఏం చెప్పమంటావమ్మా?"

"ఆరయిందని చెప్పండి," అన్నాను.

తలుపు దగ్గరగా వేసి, వెళ్ళి ఆయన పక్కన పడుకుని, కళ్ళు మూసుకున్నాను.